ఆమె పేరు తెలియడానికి పట్టిన కాలం

1986 అక్టోబరులో అమెరికాలోని ఒక మధ్య పశ్చిమ రాష్ట్రంలో, పెద్ద రహదారికి కొంత దూరాన ఉన్న పొదల్లో ఒక స్త్రీ అస్థిపంజరం దొరికింది. ఆమె ఎవరో 2023 మార్చిలో అధికారికంగా ఖరారైంది. ఆ పేరును వెతికిన స్వచ్ఛంద సేవకుల చిన్న బృందంలో నేనూ ఉన్నాను. మేము గోప్యతా ఒప్పందం మీద సంతకాలు చేశాము, ఆమె కుటుంబం కూడా వివరాలు బయట పెట్టవద్దని కోరింది. అందుచేత ఆమె పేరు గానీ, కౌంటీ (మన జిల్లా వంటిది) పేరు గానీ, మా సంస్థ పేరు గానీ ఇక్కడ ఉండవు, ఎవరినైనా గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను కూడా వదిలివేశాను. పని ఎలా సాగుతుంది, ఏ దశలో ఎన్నాళ్ళు ఎదురుచూడాలి, ఎంత ఖర్చవుతుంది, మనసుకు ఎలా ఉంటుంది అన్నవి మాత్రం జరిగినవి జరిగినట్టుగా రాస్తున్నాను. ఇక్కడి తెలుగువారిలో కొందరు తామూ ఈ పనిలో చేరవచ్చునా అని నన్ను అడుగుతున్నారు. ముఖ్యంగా వారి కోసమే ఈ వ్యాసం.

నేను జన్యుశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మాకు దగ్గరలోనే ఉన్న మయామీ కౌంటీలో 1981 ఏప్రిల్‌లో జింక తోలు కోటుతో ఒక యువతి మృతదేహం దొరికింది. ముప్పై ఏడేళ్ళ పాటు ఆమెను ఆ కోటు పేరుతోనే పిలిచారు. 2018 ఏప్రిల్‌లో ఆమె ఆర్కన్సాకు చెందిన 21 ఏళ్ళ మార్సియా కింగ్ అని వంశ పరిశోధకులు తేల్చారు. జన్యు వివరాలు జెడ్‌మ్యాచ్ అనే ఉమ్మడి భండారంలోకి చేరిన తరువాత వారికి పట్టింది కొన్ని గంటలేనని స్థానిక వార్తల్లో చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అప్పటికే మా వంశవృక్షం గీసుకునే అలవాటు నాకు ఉంది. పుట్టగానే దత్తతకు వెళ్ళినవారు కన్నవారిని వెతుక్కుంటుంటే వారికి తోడ్పడడం 2019 నుంచి మొదలుపెట్టాను, 2020 చివరలో అజ్ఞాత మృతుల పేర్లు వెతికే ఒక లాభాపేక్ష లేని సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాను. వారు ముందుగా ఒక నమూనా కేసు ఇచ్చి పరీక్షించారు, నా పూర్వ చరిత్రను విచారించారు, ఆ తరువాత ఒప్పంద పత్రాలు పంపారు. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఈ కేసు నా చేతికి వచ్చేసరికి మూడు నెలలు దాటాయి.

కేసు అంటే మొదట్లో రెండు పేజీల పత్రం మాత్రమే. వయస్సు 25 నుంచి 40 లోపు, తెల్లజాతి స్త్రీ, ఎత్తు సుమారు అయిదడుగుల మూడంగుళాలు, ఎడమ ముంజేతి ఎముక ఎప్పుడో చిన్నతనంలో విరిగి అతుక్కున్న గుర్తు, దవడ పళ్ళలో రెండింటికి పూత, చేతితో అల్లిన ఊలు స్వెట్టర్. మరణ కారణం నిర్ధారణ కాలేదు. 1987లో కౌంటీ శ్మశానంలో ఒక అంకె వేసి పాతిపెట్టారు. నేను చాలా రోజులు ఆ స్వెట్టర్ దగ్గరే ఆగిపోయాను. దుకాణంలో కొన్న గుర్తు లేదు, ఎవరో ఆమె కోసం అల్లి ఉండాలి.

ఆ స్వెట్టర్ గురించి చెప్పినప్పుడు తెనాలిలో ఉన్న మా అమ్మ, అంతకుముందు దాకా "ముక్కూ మొహం తెలియని మనిషి కోసం రాత్రిళ్ళు మేలుకుంటావెందుకే" అని కోప్పడుతూ ఉన్న మనిషి, కాసేపు మాట్లాడకుండా ఉండి, "అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలమంటారు, వెతుకమ్మా" అంది. ఆ తరువాత ప్రతి వారం ఫోనులో మొదట అడిగే మాట "ఆ అమ్మాయి సంగతి ఏమైంది" అనేదే.

వెతకడానికి ముందు జన్యు వివరాలు కావాలి, అవి రావడానికే దాదాపు ఏడాది పట్టింది. ఈ సంగతి కొత్తగా వచ్చేవారికి ఎవరూ గట్టిగా చెప్పరు. ఆమె ఎముకలను చాలా ఏళ్ళ క్రితమే తవ్వి తీసి పోలీసుల జన్యు పట్టికలో చేర్చారు, కానీ ఆ పద్ధతిలో పోల్చేది డీఎన్ఏలోని 20 స్థానాలను మాత్రమే కాబట్టి తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ వంటి అతి దగ్గరవారు అదే పట్టికలో ఉంటే తప్ప ఫలితం రాదు. వంశ పరిశోధనకు కొన్ని లక్షల స్థానాల సమాచారం అవసరమవుతుంది. 2021 ఫిబ్రవరిలో తొడ ఎముక ముక్క ప్రయోగశాలకు వెళ్ళింది. జూన్‌లో వచ్చిన కబురు ఏమిటంటే, అందులో దొరికిన డీఎన్ఏలో అధిక భాగం మట్టిలోని సూక్ష్మజీవులది, మనిషిది అతి స్వల్పం. మళ్ళీ కౌంటీ కరోనర్ (మరణాలను విచారించే అధికారి) కార్యాలయం అనుమతి తీసుకుని, చెవి లోపలి భాగాన్ని కప్పి ఉంచే గట్టి కపాలపు ఎముకలోంచి నమూనా తీయవలసి వచ్చింది. శరీరంలో డీఎన్ఏ ఎక్కువ కాలం చెడకుండా నిలిచే చోట్లలో అది ఒకటట. నవంబరు చివరలో పనికొచ్చే ఫలితం అందింది.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డీఎన్ఏ తీయడం, దాని వరసను చదవడం (సీక్వెన్సింగ్), ఆ ఫలితాన్ని వంశ పరిశోధనకు తగిన ఫైలుగా మార్చడం అన్నీ కలిపి 7,000 డాలర్లకు అటూఇటూ అయింది. చిన్న కౌంటీలకు దీనికని బడ్జెట్ ఉండదు. ఈ సొమ్ము విరాళాల ద్వారా వచ్చింది, వాటిలో పది డాలర్ల విరాళాలే ఎక్కువ. మేము చేసే పనికి జీతం లేదు, పైగా జనాభా లెక్కలు, పాత పత్రికలు చూడడానికి కట్టే చందాలు ఏడాదికి మూడు నాలుగు వందల డాలర్లు ఎవరి జేబులోంచి వారే పెట్టుకున్నాము. పాత రికార్డులు చూపించే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటు మాత్రం పూర్తిగా ఉచితం, కొత్తవారు అక్కడే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

2021 డిసెంబరులో ఆమె ఫైలును జెడ్‌మ్యాచ్‌లోనూ, ఫ్యామిలీట్రీడీఎన్ఏ అనే మరో భండారంలోనూ చేర్చారు. రెండు కోట్లకు పైగా నమూనాలున్న యాన్సెస్ట్రీ వంటి పెద్ద కంపెనీల భండారాల్లో ఇలాంటి ఫైలును చేర్చడానికి అనుమతి లేదు, కనుక మనం వెతికేది చాలా చిన్న కొలనులోనే. మరునాటి ఉదయానికల్లా సరిపోలికల జాబితా వచ్చింది. నేను ఉద్యోగానికి ఆలస్యమైనా ఫరవాలేదనుకుని దాని ముందు కూర్చున్నాను. మార్సియా కింగ్ కేసులో మాదిరిగా దగ్గరి బంధువు కనిపిస్తారని మనసులో ఎక్కడో ఆశ ఉంది. జాబితాలో అందరికంటే పైనున్న మనిషితో ఆమెకు కలిసిన డీఎన్ఏ 74 సెంటీమోర్గాన్లు (ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న డీఎన్ఏను కొలిచే ప్రమాణం ఇది). తల్లీబిడ్డల మధ్య ఇది 3,400 పైచిలుకు ఉంటుంది. 74 అంటే సాధారణంగా ముత్తాతకు తల్లిదండ్రులైన దంపతులు ఇద్దరికీ ఉమ్మడి అన్నమాట. అటువంటి దంపతులు ప్రతి మనిషికీ ఎనిమిది జంటలుంటారు. ఏ జంట ద్వారా చుట్టరికం కలిసిందో డీఎన్ఏ చెప్పదు. రెండో సరిపోలిక 58. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేదు. మా బృందానికి పెద్ద దిక్కైన విశ్రాంత గ్రంథాలయాధికారిణి అది చూసి సంతోషించారు. ఒకరు ఆమె తండ్రి వైపు, మరొకరు తల్లి వైపు కావచ్చునని, ఆ రెండు వంశాలూ ఏ పెళ్ళిలో కలిశాయో కనుక్కుంటే ఆ పెళ్ళి ఇంటిలోనే ఈమె ఉంటుందని ఆవిడ మాకు చెప్పారు.

ఆ మాట వినడానికి తేలిక. చేయవలసిన పని ఏమిటంటే, సరిపోలిన ప్రతి మనిషికీ మనమే వంశవృక్షం కట్టాలి. వారు పెట్టుకున్న పేరు చాలాసార్లు రెండు అక్షరాలు, ఒక ఈమెయిలు మాత్రమే. అక్కడి నుంచి ఆ మనిషి ఎవరో పోల్చుకుని, వారి తాతముత్తాతల దాకా పైకి వెళ్ళి, మళ్ళీ ఆ ముత్తాతల సంతానం అందరినీ పట్టుకుంటూ కిందికి దిగాలి. ఒక్కో జంటకు ఎనిమిది, పది మంది పిల్లలు. నెల తిరిగేసరికి మా చెట్టులో వేల పేర్లు చేరాయి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే ఎప్పుడు లేస్తానో తెలిసేది కాదు. మా వారు ఆ చలికాలమంతా వంట పని తాను చూసుకున్నారు.

మొదటి వంశం కెంటకీ రాష్ట్రపు తూర్పు భాగంలోని కొండ ప్రాంతానిది. ఆ లోయల్లో నాలుగైదు ఇంటిపేర్ల వాళ్ళే తరతరాలుగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అందుచేత ఒకే మనిషి రెండు మూడు దారుల్లో చుట్టమవుతాడు, సెంటీమోర్గాన్ల లెక్క అసలు దూరం కంటే దగ్గరగా కనిపిస్తుంది. మేనరికాలున్న మన కుటుంబాల్లో పుట్టిన నాకు ఇది వెంటనే అర్థమైంది. మా నాన్నమ్మ, తాతయ్య మేనత్త మేనమామ బిడ్డలు కాబట్టి మా వృక్షంలో కొమ్మలు మళ్ళీ మళ్ళీ ఒకే దంపతుల దగ్గరకు చేరడం నేను చూసినదే. బృందంలో మిగతావారు తికమకపడుతున్న చోట నేను మాత్రం ఆ లోయ పెళ్ళిళ్ళన్నీ ఒక పెద్ద కాగితం మీద వేసుకుని, ఎవరు ఎవరికి ఎన్ని దారుల్లో చుట్టమో రాసుకుంటూ పోయాను. బృందానికి నేను చేసిన సేవల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదేననుకుంటాను.

కష్టమంతా స్త్రీల దగ్గరే వచ్చింది. మగవారు పుట్టినప్పటి ఇంటిపేరుతోనే జనాభా లెక్కల్లో, భూమి కాగితాల్లో, సైన్యపు పత్రాల్లో చివరిదాకా కనిపిస్తారు. ఆడపిల్ల పద్దెనిమిదో ఏట పెళ్ళి చేసుకుని పేరు మారగానే కాగితం మీంచి మాయమవుతుంది, మళ్ళీ ఎక్కడో వేరే ఇంటిపేరుతో తేలుతుంది, భర్త పోయి మారు మనువు చేసుకుంటే అదీ పోతుంది. 1890 జనాభా లెక్కల్లో అధిక భాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో నాశనమైంది, దానితో 1880లో తండ్రి ఇంట్లో కనిపించిన బాలిక 1900 నాటికి ఎవరి భార్యగా మారిందో చెప్పే నడిమి మెట్టు లేకుండా పోయింది. కెంటకీలో జనన మరణాల నమోదు రాష్ట్రమంతటా 1911లో మొదలైంది. ఆ మరణ పత్రాల్లో తల్లి పుట్టింటి పేరు రాసే గడి ఒకటి ఉంటుంది, మాకు ప్రాణం లేచివచ్చేది ఆ గడి దగ్గరే. అయితే ఆ సమాచారం ఇచ్చినవాడు అల్లుడో, పొరుగువాడో అయితే ఆ గడిలో "తెలియదు" అని ఉంటుంది. డెబ్భై ఏళ్ళు బతికి, పదిమందిని కన్న మనిషి పుట్టింటి పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. 1900, 1910 జనాభా లెక్కల్లో ప్రతి తల్లి ఎందరిని కన్నది, అందులో ఎందరు బతికి ఉన్నారు అని రెండు గడులున్నాయి. తొమ్మిది, నాలుగు అనే అంకెలు పక్కపక్కనే చూసిన రాత్రి నేను పని ఆపివేశాను.

మా సొంత వంశవృక్షం కట్టుకున్నప్పుడు కూడా ఇదే జరిగింది. భూమి దస్తావేజుల్లో మగవారి పేర్లే ఉన్నాయి. మా ముత్తవ్వ పేరు నాకు దొరికింది నాన్న తర్పణాలు వదిలేటప్పుడు చూసుకునే పాత కాగితంలో. అందులో తల్లి, నాన్నమ్మ, ముత్తవ్వల పేర్లు మూడు తరాల వరకు వరసగా రాసి ఉన్నాయి. మీ ఇంట్లో అటువంటి కాగితం ఉంటే ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

2022 ఫిబ్రవరి నుంచి మేము సరిపోలికల్లో ఉన్నవారికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాము. ఇందులో ఒక పద్ధతి ఉంది: ఏ సంస్థ తరఫున రాస్తున్నామో స్పష్టంగా చెప్పాలి, అబద్ధం ఆడకూడదు, చనిపోయిన మనిషి వారికి దగ్గరి బంధువు కాకపోవచ్చునని మొదటి వాక్యాల్లోనే చెప్పాలి. చాలామంది జవాబివ్వలేదు. ఒక పెద్దాయన ఇది డబ్బు గుంజే మోసమని అనుమానించి, మా సంస్థకు ఫోను చేసి నిర్ధారించుకున్నాక, తమ కుటుంబ బైబిల్లో రాసిపెట్టుకున్న పుట్టుకల పేజీ ఫోటో పంపారు. మరొక కుటుంబంలో నేను ఊహించనిది ఎదురైంది. సరిపోలికల్లో ఉన్న ఒక వ్యక్తి డీఎన్ఏ ఆయన కాగితాల మీది తండ్రి వంశంతో అసలు కలవలేదు, పక్క ఊరి వేరే వంశంతో కలిసింది. ఆయనకు ఆ సంగతి తెలుసో తెలియదో మాకు తెలియదు. మేము అడగలేదు, చెప్పలేదు, మా నోట్సులో కూడా ఒక గుర్తు మాత్రమే పెట్టుకున్నాము. బతికి ఉన్నవారి ఇంటి రహస్యం మన చేతిలో పడినప్పుడు నోరు కట్టుకుని ఉండగలిగినవారే ఈ పనికి రావాలి. ఆ వారం నేను మా అమ్మతో కూడా కేసు గురించి మాట్లాడలేదు.

ఏప్రిల్ 1న 1950 జనాభా లెక్కలు బయటికి వచ్చాయి. అమెరికాలో ఆ వివరాలను 72 ఏళ్ళ పాటు మూసి ఉంచుతారు. ఆ రోజు కోసం మేమంతా నెలల తరబడి కాచుకుని ఉన్నాము. చేతిరాతను యంత్రం చదివి తయారుచేసిన పేర్ల సూచికలో తప్పులు చాలా ఉన్నాయి, అందుకని ఊరి పేరును బట్టి, వీధిని బట్టి పేజీలు తిప్పుతూ చూసుకోవలసి వచ్చింది. కెంటకీ కొండల నుంచి రెండో ప్రపంచ యుద్ధం తరువాత లక్షలాది మంది ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల కర్మాగారాలకు వలస వచ్చారు; డేటన్ చుట్టుపక్కల ఇప్పటికీ ఆ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా మొదటి వంశానికి చెందిన ఒక యువకుడు అలాగే ఒహాయోలోని ఒక ఫ్యాక్టరీ పట్టణంలో, భార్యతోనూ ఇద్దరు పసిపిల్లలతోనూ కనిపించాడు. భార్య పుట్టిన రాష్ట్రం వర్జీనియా అని ఉంది. మా రెండో వంశం వర్జీనియాదే.

ఆమె పుట్టింటి పేరు తెలుసుకోవడానికి వివాహ రికార్డు నకలు కావాలి. ఒక కౌంటీ కార్యాలయానికి చెక్కు జతచేసి, తిరుగు చిరునామా రాసిన కవరు పెట్టి పోస్టులో పంపితే అయిదు వారాలకు జవాబు వచ్చింది. ఇన్ని కంప్యూటర్ల కాలంలో ఒక పోస్టు కవరు కోసం రోజూ డబ్బా తెరిచి చూసుకోవడం వింతగా ఉండేది. 1947 నాటి ఆ కాగితంలో పెళ్ళికూతురి తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ ఉన్నాయి, రెండూ మా రెండో వంశంలో సరిగ్గా కుదిరాయి. అదే సమయంలో, ఆ వంశానికే చెందిన ఎనభై దాటిన ఒక పెద్దావిడ మా ఉత్తరం చూసి సాయం చేయడానికి ఒప్పుకున్నారు. ఆవిడ అంతకు ముందే ఒక కంపెనీలో డీఎన్ఏ పరీక్ష చేయించుకుని ఉన్నారు. మనవడు ఆ ఫైలును దింపి జెడ్‌మ్యాచ్‌లో పెట్టాడు, దానికి ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు. రెండు రోజుల్లో ఫలితం కనిపించింది: 231 సెంటీమోర్గాన్లు. ముత్తాత దంపతులు ఉమ్మడిగా ఉన్నవారి మధ్య సగటు 229. పెళ్ళి ఇల్లు దొరికినట్టే.

ఆ దంపతులకు అయిదుగురు ఆడపిల్లలు, ఒక కొడుకు. ఆడపిల్లల్లో ప్రతి ఒక్కరూ 1986 తరువాత బతికి ఉన్నారనడానికి కాగితం వెతకడం మా తరువాతి పని. ఇల్లు కొన్న దస్తావేజు, వోటరు జాబితా, విడాకుల తీర్పు, పిల్లల పెళ్ళి ఫోటో, ఏదైనా సరే. ముగ్గురు వెంటనే తేలారు. నాలుగో ఆమె ఇంకొక రాష్ట్రంలో వేరే పేరుతో ఉన్నారని జులై నాటికి దొరికింది. మిగిలింది 1953లో పుట్టిన మూడో అమ్మాయి. పద్దెనిమిదో ఏట ఒక పెళ్ళి, తరువాత విడాకులు, 1978లో మరో పెళ్ళి. ఆ తరువాత ఏమీ లేదు. అయితే 1994లో తల్లి చనిపోయినప్పుడు స్థానిక పత్రికలో వేసిన మరణవార్తలో, బతికి ఉన్న సంతానం జాబితాలో ఈమె పేరు రెండో భర్త ఇంటిపేరుతో, ఊరు ఫ్లోరిడా అని ఉంది.

మా పద్ధతి ప్రకారం మరణవార్తలో బతికి ఉన్నట్టు రాసి ఉంటే ఆ మనిషిని జాబితా నుంచి తీసివేయవచ్చు. బృందంలో ఒకరు అదే అన్నారు, వంశం తప్పిందేమో మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నారు. ఆ సాయంత్రం మా అందరి గొంతుల్లోనూ నీరసం వినిపించింది. గ్రంథాలయాధికారిణి మాత్రం ఒక ప్రశ్న వేశారు: మరణవార్త రాసింది కుటుంబం, వారికి ఆ అమ్మాయి బతికి ఉందని ఎలా తెలుసు? ఫ్లోరిడాలో ఆమె పేరున ఒక్క ఇల్లు, ఒక్క ఫోను నంబరు, ఒక్క వాహనం, ఒక్క చిరునామా ఉన్నదా? రెండు వారాలు వెతికాము. ఆమె రెండో భర్త ఫ్లోరిడాలో ఉన్నాడు, 1988లో అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మాత్రం ఏ కాగితంలోనూ లేదు. భర్తతో ఫ్లోరిడా వెళ్ళిందని కుటుంబం అనుకుంది, కోపం వల్లనో దూరం వల్లనో ఉత్తరాలు రాయడం లేదని సరిపెట్టుకుంది, అందుకే ఆమె కనబడడం లేదని ఎవరూ ఏ పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వలేదు. తప్పిపోయినవారి జాతీయ పట్టికలో ఆమె ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. ఎనిమిదేళ్ళ క్రితమే పోయిన కూతురిని తల్లి మరణవార్తలో బతికి ఉన్నవారితో కలిపి రాసుకున్నారు. ఆ పత్రిక ముక్కను నేను ఇప్పటికీ తలచుకుంటాను.

2022 ఆగస్టు చివరలో మా నివేదికను కరోనర్ కార్యాలయానికి అప్పగించాము. ఇక్కడ ఒక నియమం అందరికీ తెలియాలి: మేము కనుక్కున్నది ఖరారైన పేరు కాదు, ఆమెది కావచ్చునన్న పేరు మాత్రమే, కుటుంబానికి ఫోను చేసే అధికారం మాకు లేదు. తోబుట్టువుల ఫేస్‌బుక్ పేజీలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక చెల్లెలు మనవరాలి పుట్టినరోజు ఫోటోలు పెట్టుకుంటున్నారు. ఆ ఇంటికి ఏ కబురు చేరబోతోందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ పేజీలు చూడడం మానేయమని బృందం సలహా ఇచ్చింది, మానేశాను. సెప్టెంబరులో పరిశోధనాధికారి వెళ్ళి అక్కగారి, తమ్ముడి బుగ్గ లోపలి నమూనాలు తీసుకున్నారు. ప్రభుత్వ ప్రయోగశాలలో వరస ఎక్కువగా ఉండడం వల్ల ఫలితం రావడానికి ఆరు నెలలు పట్టింది. మొత్తం ప్రక్రియలో నాకు భరించడం కష్టమైనది ఈ కాలమే, ఎందుకంటే చేయడానికి పని ఏమీ లేదు. మధ్యలో సంక్రాంతి వచ్చింది, అమ్మ ఫోనులో మళ్ళీ అదే అడిగింది, నేను మళ్ళీ అదే జవాబు చెప్పాను.

2023 మార్చిలో ఒక మధ్యాహ్నం, ఉద్యోగ సమావేశం మధ్యలో, సందేశం వచ్చింది: నిర్ధారణ అయింది. కెమెరా ఆపి ఏడ్చాను. సంతోషమని చెప్పలేను, దుఃఖమనీ చెప్పలేను. ఎడమ ముంజేయి ఏడో ఏట చెట్టు మీంచి పడి విరిగిందని అక్కగారు అధికారికి చెప్పారట. స్వెట్టర్ అల్లింది తల్లి. ఈ రెండు విషయాలూ కుటుంబం అనుమతితో మాకు తెలియజేశారు, ఇక్కడ రాయడానికి కూడా వారి సమ్మతి ఉంది. అక్కగారు అడిగిన మొదటి ప్రశ్న, ఇన్నాళ్ళూ చెల్లెలిని ఎక్కడ పెట్టారు అని.

ఆ తరువాత జరిగినవన్నీ కాగితం పనులు. 1987 నాటి మరణ పత్రంలో పేరు చేర్చి సవరించారు, మరణ తేదీ మాత్రం అవశేషాలు దొరికిన తేదీగానే మిగిలింది. కుటుంబం అస్థికలను తల్లి సమాధి పక్కకు మార్చుకోవాలనుకుంది. తరలింపు, తిరిగి పాతిపెట్టడం, రాయి అన్నీ కలిపి కొన్ని వేల డాలర్లు అవుతుందని తెలిసి వెనుకాడితే, స్థానిక అంత్యక్రియల సంస్థ ఒకటి రుసుము తీసుకోకుండా చేసిపెట్టింది. మేము కట్టిన వంశవృక్షాన్ని, బతికి ఉన్నవారి వివరాలున్నందున, నిబంధన ప్రకారం మూసివేశారు. మరణం ఎలా సంభవించిందో దర్యాప్తు పేరు తేలాకే మొదలైంది, దాని గురించి మాకు ఏమీ చెప్పరు, చెప్పకూడదు కూడా.

అడిగిన తెలుగువారికి ఒక ముఖ్యమైన సంగతి. ఈ భండారాల్లో అధికశాతం యూరప్ మూలాలవారే ఉన్నారు. దక్షిణాసియా మూలాలున్న అజ్ఞాత మృతుల కేసుల్లో 74 కాదు, 20 సెంటీమోర్గాన్ల సరిపోలిక దొరకడం కూడా కష్టం. ఇప్పటికే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నవారు తమ ఫైలును దింపి జెడ్‌మ్యాచ్‌లో ఉచితంగా చేర్చవచ్చు. నేరస్థులను వెతికే పోలీసు కేసులతో పోల్చడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మీరే ఎంచుకోవచ్చు, ఇచ్చే ముందు అక్కాచెల్లెళ్ళతో, అన్నదమ్ములతో ఒక మాట అనుకోవడం మంచిది, ఎందుకంటే ఆ ఫైలులో సగానికి దగ్గరగా వారిది కూడా ఉంటుంది. మా ఇంట్లో నేను, మా తమ్ముడు, మా అత్తగారు చేర్చాము. అమ్మ నమూనా వచ్చే డిసెంబరులో ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకోవాలి.